ముందు బ్రేకు వణుకు

బ్రేకు పట్టిన ప్రతిసారీ హ్యాండిల్ నా చేతుల్లో కొట్టుకునేది. మొదట సన్నగా మొదలయ్యేది, తర్వాత జల్లెడ పట్టినట్టు ఊగేది. వేగం తగ్గేకొద్దీ ఆ వణుకు విడిపోయి, బండి ఆగబోయే ముందు ఒక్కొక్క కుదుపుగా మిగిలేది. ఒంటరిగా వెళ్ళేటప్పుడు పళ్ళు బిగించి భరించేవాడిని. కానీ వారంలో మూడు రోజులు నా వెనక మా బావ కూర్చునేవాడు.

ఆయన మా అప్ప భర్త. రెండు కిడ్నీలూ పాడయ్యాయి, డయాలసిస్‌కి పలాస వెళ్ళాలి. మాది సముద్రం పక్క ఊరు, మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ పక్కపక్కనే. నేను పని చేసే కాటా పలాస పొలిమేరలో ఉంది. జీడిపిక్కల లారీలు తూచే కాటా అది. పొద్దున్నే ఆయన్ని డయాలసిస్ దగ్గర దించి, పనికి పోయి, మధ్యాహ్నం అది అయ్యాక వెనక్కి తీసుకొచ్చేవాడిని.

ఆయన ఎడమ చేతికి ఆపరేషన్ చేసి, లోపల రెండు రక్తనాళాలు కలిపి, సూదులు గుచ్చడానికి చోటు తయారు చేశారు. అది పొంగి పనికొచ్చేసరికి నెలలు పట్టింది. అక్కడ చెవి పెడితే రక్తం పరిగెత్తే హోరు వినిపిస్తుంది. ఆ చేతి మీద బరువు పడకూడదు, దెబ్బ తగలకూడదు. అది మూసుకుపోతే మళ్ళీ మెడలోకి గొట్టం దించాలి. అందుకని బావ కుడి చేత్తో నా భుజం పట్టుకుని, ఎడమ చేతిని చంటిపిల్లలా పొట్టకి ఆనించుకుని కూర్చునేవాడు. ఒంటిచేత్తో కూర్చున్న మనిషిని ఎక్కించుకున్నాక బ్రేకు ఎంత మెత్తగా పడాలో వేరే చెప్పక్కర్లేదు. ఆగిన ప్రతిసారీ నా బ్రేకు ఆయన్ని ముందుకు తోసి, వెనక్కి లాగి, మళ్ళీ తోసేది.

పలాసలో నేనెప్పుడూ చూపించే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను బండి ఎక్కలేదు, నడిపి చూడలేదు. వంగి చూసి, బ్రేకు ప్యాడ్లు మార్చేశాడు. వణుకు తగ్గలేదని మర్నాడే మళ్ళీ వెళ్ళాను.

"సార్, మన రోడ్లకి ఇలాగే ఉంతాది. కొన్నాళ్ళు తోలండి, అదే సెట్టయిపోద్ది."

"అరిగింది ఇంకా అరుగుతాది గాని సెట్టవుద్దేటి?"

"మీరు కాటా కాడ పని సేత్తారు కదండీ. తూకం సంగతి మీకు తెలుసు. బండి సంగతి మాకొగ్గీండి."

ఒగ్గేశాను. ఈసారి హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు అరిగాయన్నాడు. అవీ మార్చాడు. హ్యాండిల్ తేలిగ్గా తిరగడం మొదలెట్టింది గాని వణుకు ఎక్కడిది అక్కడే ఉంది. నాకు అప్పుడే కోపం మొదలైంది. సామాను మార్చినందుకు కాదు. ఏది పాడైందో తెలియకుండా మార్చినందుకు. నేను పదో తరగతితో బడి మానేసినవాడిని. లెక్కలు నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తూకంలో తేడా వస్తే లారీ తప్పా, కాటా తప్పా, చూసే మనిషి తప్పా అని ఒక్కొక్కటీ విడదీసి పట్టుకోవడం పని మీద నేర్చుకున్నాను. కాటా తేడా చూపిస్తే లారీ టైర్లు మార్చమని ఎవరైనా అంటారా? బండి దగ్గరికి వచ్చేసరికి అందరూ అదే అంటారు.

సరే, నేనే చూద్దామనుకున్నాను.

వేగంతో పాటు వణుకు కూడా పెరిగి, వేగం తగ్గితే తగ్గుతోందంటే, అది చక్రంతో పాటు తిరిగేదే అయ్యుండాలి. రోడ్డుదైతే మంచి రోడ్డు మీద పోవాలి. పోవడం లేదు. చక్రం ఒక్కసారి తిరిగితే ఒక్కసారే కుదుపుతోందా అన్నది తేల్చాలి. ఒక ఆదివారం మా వీధిలో కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు మీద బండి పెట్టి, ముందు టైరు మీద, గాలి కొట్టే వాల్వుకి ఎదురుగా తడి సున్నం పూశాను. బ్రేకు కొద్దిగా నొక్కి పట్టుకుని బండిని నెట్టుకుంటూ నడిచాను. చక్రం తిరిగినప్పుడల్లా రోడ్డు మీద ఒక సున్నం ముద్ర పడింది. బ్రేకు బిగుసుకున్న ప్రతిచోటా కాలితో ఆపి బొగ్గుతో గీత పెట్టాను.

పడిపోయిన కొబ్బరిచెట్టు మొద్దు మీద బావ కూర్చుని చూస్తున్నాడు.

"ఏట్రా బామ్మర్దీ, బండికి పెళ్ళి సేత్తన్నావేటి? ముగ్గులేత్తన్నావు."

"నువ్వు నోరు మూసుకో బావా, లెక్క తప్పుతాది."

"పెళ్ళికూతురు ఎవులో సెప్పు. మీ అప్పకి సెప్పి వడపప్పు నానబెట్టిత్తాను."

నవ్వాడు గాని, గీతలు చూశాక ఆయన కూడా లేచి దగ్గరికి వచ్చాడు. ప్రతి బొగ్గు గీతా సున్నం ముద్రకి ఒకే దూరంలో ఉంది, రెండు జానల పైన కొద్దిగా. ఒక తిరుగుడికి ఒకే కుదుపు, అదీ ఒకే చోట. రోడ్డు కాదు, హ్యాండిల్ కాదు. చక్రానికి బిగించిన ఇనుప పళ్ళెం, దాన్ని డిస్కు అంటారు, దాంట్లో ఒక చోట ఏదో తేడా ఉంది.

మెకానిక్‌కి ఈ లెక్కంతా చెప్తే వినలేదు. డిస్కు మార్చమంటే మాత్రం వెంటనే మార్చాడు. కొత్త డిస్కుతో బండి నీళ్ళ మీద పడవలా ఆగింది. నేను గర్వపడ్డాను. కాటా దగ్గర టీ తాగుతూ ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్నాను కూడా.

కొన్నాళ్ళకి మళ్ళీ మొదలైంది. మొదట నా భ్రమేమో అనుకున్నాను. తర్వాత భ్రమ కాదని చేతులకి తెలిసింది.

ఆ ఉదయం కాశీబుగ్గ దగ్గర ఒక ఆటో సిగ్నలివ్వకుండా అడ్డంగా తిరిగింది. గట్టిగా పట్టాను. బండి ఆగింది గాని ఆగే లోపల హ్యాండిల్ పిచ్చి పట్టినట్టు కొట్టుకుంది. బావ ముందుకు జారి నా వీపు మీద పడ్డాడు. ఆయన ఎడమ చెయ్యి ఆయన ఛాతీకీ నా వీపుకీ మధ్య నలిగింది. దిగి, రోడ్డు పక్కన నిలబడి, తన చేతికి తానే చెవి ఆనించుకున్నాడు. నేను ఆటోవాడిని తిట్టడం సగంలో ఆపేశాను. బావ ముఖంలో రంగు లేదు. చాలాసేపు విన్నాడు. నా వైపు చెయ్యి చాచాడు. నేనూ విన్నాను. హోరు ఉంది.

"ఉంది బావా, పోనేదు."

"ఈసారి పోనేదు," అన్నాడు. "ఇంక నీ బండి నానెక్కను."

"తప్పు బండిది కాదు బావా, బ్రేకుది. బాగు సేయిత్తాను."

"నువ్వు ఎన్నిసార్లు సేయించినావు? నా సెయ్యి ఒకటే ఉంది."

ఆ రోజుకి ఎక్కి వెళ్ళొచ్చాడు. తర్వాతి డయాలసిస్ వంతుకి వెళ్ళలేదు. ఆటోలో వెళ్ళమంటే, ఆటోలో అందరి మోచేతులూ తన చేతి మీదే పడతాయన్నాడు. అప్ప బతిమాలింది, అరిచింది, ఏడ్చింది. ఆయన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రానికి పాదాలు పొంగాయి. చెప్పులు పట్టలేదు. అప్ప మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"తమ్ముడూ, నువ్వు పెద్ద లెక్కల మనిషివి కదా. ఒక బ్రేకు బాగుసేయలేవా? ఈ మనిసి సచ్చిపోతే నీ లెక్కలు ఏటి సేసుకుంతావు?"

నాకు కోపం ఎవరి మీద వచ్చిందో ఇప్పటికీ విడదీయలేను. ఆమె మీద, మెకానిక్ మీద, బావ మీద, బండి మీద. మా ఉద్దానం ఊళ్ళలో ఇంటికొక కిడ్నీ మనిషి ఎందుకున్నాడని అడిగితే, నీళ్ళని ఒకరంటారు, పురుగుమందులని ఒకరంటారు, ఎండలో పని అని ఇంకొకరంటారు. పరీక్షలకని వచ్చినవాళ్ళు రక్తం తీసుకుంటారు, నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్తారు. ఏటని అడిగితే ఇంకా తేలలేదంటారు. దానికి మా ఊళ్ళో అలవాటు పడిపోయారు. ఇక్కడ ఇలాగే ఉంతాది అంటారు, మెకానిక్ అన్నట్టే. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మనిషి ఒంట్లో తేలకపోవచ్చు. ఇది ఇనుము. చక్రం, పళ్ళెం, రెండు ప్యాడ్లు. దీనికి కూడా కారణం తెలియదంటే నేను ఒప్పుకోను.

మళ్ళీ సున్నం పూశాను. ఈసారి మొద్దు మీద ఎవరూ లేరు. బొగ్గు గీతలు సరిగ్గా పాత చోటే పడ్డాయి. సున్నం ముద్రకి రెండు జానల పైన కొద్దిగా.

అది చూసి నేను రోడ్డు మీదే కూర్చుండిపోయాను. డిస్కు కొత్తది. పాత డిస్కులో లోపం పాతదానితోనే పోవాలి. కొత్తదాంట్లో కూడా లోపం ఉందనుకుందాం, అది సరిగ్గా అదే చోట ఎందుకుంటుంది? అయితే డిస్కు కూర్చునే చక్రమే వంకర అయ్యుండాలి. వంకరైతే కొలతకి దొరకాలి.

మర్నాడు సెలవు పెట్టి టెక్కలి వెళ్ళాను. అక్కడ ఒక లేతు షాపులో డయల్ గేజి ఉందని తెలుసు. గడియారంలా ఉండే పనిముట్టు అది, దాని సూది వెంట్రుక మందం వంకరని కూడా చూపిస్తుంది. షాపతను చక్రం విప్పించి, డిస్కుకి సూది ఆనించి, మెల్లగా తిప్పాడు. సూది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కదిలింది.

"బాగుంది. కొత్త బండికీ ఇంతే ఉంతాది," అన్నాడు. "ఏటి నీ బాధ?"

"వణుకుతోంది."

"వంకర నేదు గదా, ఎందుకు వణుకుతాది? ఎల్లు, నాకు పనుంది."

"మందం కొలవాలి. మైక్రోమీటరు ఇయ్యి."

"నువ్వు కొలుత్తావా?"

"నేనే కొలుత్తాను."

ఇచ్చాడు, నవ్వుకుంటూ. డిస్కు చుట్టూ ఒక్కో వేలి దూరంలో కొలిచాను. అన్ని చోట్లా ఒకటే అంకె. సున్నం లెక్క ప్రకారం కుదుపు రావలసిన జానెడు చోట మాత్రం అంకె మారింది. తగ్గలేదు, పెరిగింది. మిల్లీమీటరులో నూటికి రెండు వంతులు ఎక్కువ.

మళ్ళీ కొలిచాను. మళ్ళీ ఎక్కువే.

నాకు అరగంట పట్టింది, అందులో ఉన్న విడ్డూరం పూర్తిగా తలకెక్కడానికి. బ్రేకు పడేకొద్దీ ఇనుము అరగాలి, పలచబడాలి. మందం కావడం ఇనుము పని కాదు. అంటే అక్కడ ఇనుము కానిది ఏదో ఉంది. వెలుతురుకి వంచి చూస్తే ఆ జానెడు చోటా పల్చటి గోధుమరంగు పొర కనిపించింది, గాజుమీద వార్నిష్‌లా. బ్లేడుతో గీకితే పొడిగా రాలింది. ఆ పొడిని అగ్గిపుల్ల మీద పెట్టి వెలిగించాను.

షాపతను లేతు ఆపి ముక్కు తిప్పాడు. "ఎవులురా జీడితొక్క కాలత్తన్నారు?"

పలాస గాలి పీల్చినవాళ్ళెవరికీ ఆ వాసన చెప్పక్కర్లేదు. జీడిపిక్క తొక్కలోంచి వచ్చే నూనె అది. నల్లగా, చిక్కగా ఉంటుంది, చర్మానికి తగిలితే పుండు చేస్తుంది. మా వైపు తెప్పలకీ, గుమ్మాలకీ పూస్తారు. ఉప్పుగాలి, చెద పట్టవు. ఆరితే రాయి అవుతుంది. నా డిస్కు మీదికి అది ఎలా వచ్చింది?

టెక్కలి నుంచి నందిగాం మీదుగా తిరిగొస్తూ దారంతా ఆలోచించాను. బండి రాత్రిళ్ళు బావ పాకలో పెడతాను. పైకప్పు గట్టిది అని. అక్కడ పొయ్యిలోకి జీడితొక్కల బస్తాలు ఉంటాయి. బస్తా చక్రం మీదికి ఒరిగి కారుతోందేమో. కానీ కారేది ఎప్పుడూ ఒకే చోటికి ఎలా కారుతుంది? ఎలాగైనా ఆ బస్తాలన్నీ వీధిలోకి విసిరెయ్యాలనుకుంటూ పాకలోకి వెళ్ళాను. బస్తాలు అవతలి మూల ఉన్నాయి. బండి నిలబెట్టే చోటు పక్కన పీట మీద ఒక కొబ్బరిచిప్ప ఉంది. దాంట్లో నల్లటి నూనె, ఒక గుడ్డపీలిక.

బావ మంచం మీదే ఉన్నాడు. చిప్ప తీసుకెళ్ళి ఆయన ముఖం ముందు పెట్టాను.

"ఇది ఎవులు రాత్తన్నారు నా బండికి?"

"నానే."

దాచలేదు, తడుముకోలేదు. పైగా ఇంతకాలానికి అడిగావా అన్నట్టు చూశాడు.

"నీ డిస్కు తుప్పు పట్టెత్తంది. కొత్తదైతే రెండు రోజులకే ఎర్రబడిపోనాది. ఈ గాలికి ఊరుకుంతాదేటి? పొద్దున్నే టైర్ల గాలి సూసినప్పుడు రెండు పూతలు పూసి, గుడ్డతో తుడిసెత్తన్నాను."

"బ్రేకుకి నూనె రాత్తారా ఎవులైనా?"

"నాకు తెల్దేటి? కొబ్బరినూనె రాత్తే జారుద్ది. ఇది ఆరిపోద్ది. జారదు. పడవకి పూసినాను, గుమ్మానికి పూసినాను, ఒక్కటీ పాడవనేదు."

"బావా, బ్రేకు పడితే డిస్కు కాలతాది. ఈ నూనె దాని మీద ఉడికి గట్టిపడిపోతంది. ప్యాడు అక్కడికి వచ్చేసరికి కరుసుకుంతంది. అదే ఆ కుదుపు."

ఆయన చిప్ప అందుకుని మంచం కింద పెట్టాడు. నాకు మాత్రం ఆగడం లేదు.

"చక్రం అంతా రాయకుండా ఒక్క చోటే ఎందుకు రాసినావు?"

"సక్రం తిప్పాలంటే బండి స్టాండు మీదకి లేపాలి. బరువు ఎత్తొద్దన్నారు గదా నన్ను. కనపడినంత మేర రాసినాను."

వాల్వు ఎప్పుడూ ఒకే చోటికి వచ్చేలా బండి నిలబెట్టమని ఆయనే నాకు చెప్పేవాడు, వంగకుండా గాలి చూసుకోవచ్చని. నేను అలాగే పెట్టేవాడిని. అందుకే కనపడినంత మేర ప్రతిసారీ అదే మేర అయ్యింది.

"ఇన్నాళ్ళూ నా వెనక కూకోని వణుకుతోంది, వణుకుతోంది అని నన్ను తిట్టినావు. ఒక్కసారైనా సెప్పొచ్చు గదా."

"నువ్వు అడిగినావేటి?" ఆయన గొంతు ఒక్కసారిగా లేచింది. "పలాసోడిని అడిగినావు. టెక్కలోడిని అడిగినావు. ఆ బండి కాడ రోజూ పొద్దున్న కూకునేవోడిని నానొక్కడినే ఉన్నాను. నన్ను అడిగినావేటి?"

వంటింట్లోంచి అప్ప వచ్చి ఇద్దరినీ చూసింది. "పాదాలు సూడండి ముందు," అంది. "తర్వాత కొట్టుకుందురు."

పాదాలు ఇంకా పొంగాయి. మర్నాడు వంతు ఉంది.

సాయంత్రమంతా డిస్కు థిన్నర్‌తో తుడిచి, గరుకు కాగితం పెట్టి తోమాను. నూనె తాగిన ప్యాడ్లు పారేసి కొత్తవి వేశాను. నేనే వేశాను, మెకానిక్‌ని పిలవలేదు. కొత్త ప్యాడ్లు నాలుగుసార్లు మెల్లగా పట్టి డిస్కుకి పొంతన కుదిర్చాను. వణుకు పోయింది. బావకి చెప్పాను. నమ్మలేదు.

"పోయినసారీ పోయిందన్నావు."

"ఈసారి కారణం దొరికింది."

"పోయినసారీ దొరికిందన్నావు. ముగ్గులేసి మరీ."

పొద్దున్న వీధిలో బండి స్టార్టు చేసి నిలబెట్టాను. ఆయన వచ్చి, వెనక ఎక్కకుండా, నన్ను దిగమన్నాడు.

"నువ్వెనక కూకో. నాను తోలతాను."

"నువ్వు తోలకూడదు," అని అప్ప గుమ్మంలోంచి అరిచింది.

"బ్రేకు కుడిసేతిది. ఆ సెయ్యి నాదే ఇంకా," అన్నాడు.

జబ్బు రాకముందు నాకు బండి నేర్పింది ఆయనే. ఆపలేకపోయాను. వెనక కూర్చున్నాను. క్లచ్చి మీద ఎడమ చెయ్యి వేళ్ళతోనే, బరువు పడనీకుండా వేశాడు. సిమెంటు రోడ్డు మీద మెల్లగా పోనిచ్చి బ్రేకు పట్టాడు. కొంచెం వేగంగా పోనిచ్చి మళ్ళీ పట్టాడు. మూడోసారి కసితో పట్టాడు. నా గడ్డం ఆయన వీపుకి టక్కున కొట్టుకుంది. నాలుగోసారీ కొట్టుకుంది.

"బావా, నాలిక తెగుతాది."

"తెగనీ. నీకూ తెలియాల."

హ్యాండిల్ కదల్లేదు. రోడ్డు చివర, సరుగుడు తోట దగ్గర ఆపి, దిగి, డిస్కు మీద వేలు పెట్టబోయి, వేడికి తీసేశాడు. నా ముఖం చూడకుండా బండి నా చేతికిచ్చి వెనక కూర్చున్నాడు.

డయాలసిస్ దగ్గర మొదట బరువు చూస్తారు. ఉండాల్సినదానికి నాలుగు కిలోల మూడువందలు ఎక్కువ చూపించింది. అంతా ఒంట్లో నిలిచిపోయిన నీరు. నర్సమ్మ ఆ అంకె చూసి మండిపడింది.

"ఒక వంతు మానేత్తే ఏటవుద్దో తెల్దేటి మీకు? ఎందుకు రానేదు?"

"బండి బ్రేకు బాగోనేదమ్మా," అన్నాడు బావ. "మా బామ్మర్ది సూసుకోడు."

నాకు నెత్తురు మరిగింది. నర్సమ్మ నా వైపు తిరిగి, బ్రేకుకీ ప్రాణానికీ సంబంధం లేదా, పెద్దమనిషివి కదా, బుద్ధుందా అని అందరి ముందూ అడిగింది. చుట్టూ మంచాల మీది వాళ్ళందరూ నన్నే చూశారు. జీడినూనె సంగతి నోటిదాకా వచ్చింది. ఆమె అప్పటికే బావ చేతికి స్పిరిటు రాస్తోంది, సూది తీస్తోంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను.

రక్తం గొట్టాల్లోకి వెళ్ళడం మొదలయ్యాక కళ్ళు తెరిచాడు.

"ఎల్లు, నీ కాటాకెల్లు. మద్దేనం వొచ్చి తీసుకుపో."

"మరి ఆ నూనె చిప్ప?"

"పారబోత్తానులే."

"పారబోత్తావా, తలుపుకి రాత్తావా?"

"తలుపుకి రాత్తాను," అన్నాడు. "డిస్కు తుప్పట్టిపోతే మాత్రం నన్ననకు."

"తుప్పు బ్రేకు పడితే అదే పోతాది బావా. దాన్ని ముట్టుకోకు."

"గాలి?"

"గాలి సూడు. గాలే సూడు."

నేను కాటాకి వెళ్ళాను. ఆ రోజు మొదటి లారీ డ్రైవరు తూకం తప్పని గొడవ పెట్టుకున్నాడు. మామూలుగా అయితే ఓపిగ్గా రెండోసారి తూచి చూపిస్తాను. ఆ రోజు అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టాక రెండోసారి తూచి చూపించాను.